తొలి మగ జింక కోసం అడవికి వెళ్లే ముందు: పెన్సిల్వేనియా రైఫిల్ సీజన్ జాగ్రత్తలు

పెన్సిల్వేనియాలో రైఫిల్‌తో జింకల వేట థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. 2018 దాకా సోమవారం మొదలయ్యేది, 2019లో శనివారానికి మార్చారు. దాంతో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు సెలవు పెట్టకుండానే తొలిరోజు అడవిలో ఉండే వీలు కలిగింది. పిట్స్‌బర్గ్, హ్యారిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా పరిసరాల్లో ఉంటూ, ఆఫీసులో తోటివాళ్లు రమ్మంటే ఈ ఏడాది మొదటిసారి బయలుదేరుతున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. అందుకే చిన్నప్పటి నుంచి తండ్రి వెంట తిరిగి నేర్చుకునే అవకాశం మనలో దాదాపు ఎవరికీ లేదు. ఇక్కడి పిల్లలకు పన్నెండేళ్లకే ఒంటబట్టే అలవాట్లు మనం ముప్పై, నలభై ఏళ్ల వయసులో పట్టుబట్టి నేర్చుకోవాలి.

ఒక మాట ముందే చెబుతాను. తొలి వేటలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది కొమ్ములు కనబడిన క్షణంలో పుట్టే తొందరకు. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించడం ఎవరి వల్లా కాదు. ఏది కాల్చాలి, ఎంత దూరం వరకు కాల్చాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నవి ఇంట్లో, తల చల్లగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి.

తుపాకీ ముట్టుకోక ముందు వీసా సంగతి

ఇది తెలియనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాలపై వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. వీసా గడువు దాటి ఉంటున్నవారికి మినహాయింపు కూడా లేదు.

ఇక్కడ మెలిక ఏమిటంటే, పెన్సిల్వేనియా వేట లైసెన్సు జులై 1 నుంచి జూన్ 30 వరకే చెల్లుతుంది. డిసెంబరులో వేట ముగించి, రైఫిల్ అలమారలో పెట్టి మరిచిపోయారనుకోండి. వచ్చే జులైలో లైసెన్సు కొత్తది తీసుకోకపోతే, ఇంట్లో ఊరికే పడి ఉన్న ఆ రైఫిలే మీ మీద కేసుకు ఆధారం అవుతుంది. స్నేహితుడి తుపాకీని కాసేపు చేతిలోకి తీసుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క కావచ్చు. లైసెన్సు చేతికి రాకముందే షూటింగ్ రేంజికి వెళ్లి సాధన మొదలుపెట్టకండి. వలసచట్టం తెలిసిన న్యాయవాదిని ఒకసారి అడగండి. ఆ ఫీజుకు వెనకాడి గ్రీన్ కార్డు దరఖాస్తును పణంగా పెట్టవద్దు.

లైసెన్సు మొదటిసారి తీసుకునేవారు రాష్ట్రంలో వేటను నియంత్రించే గేమ్ కమిషన్ నిర్వహించే వేట శిక్షణ పూర్తిచేసి ఉండాలి. ఆన్‌లైన్‌లో ముగించే వీలున్నా, మనుషుల మధ్య కూర్చుని నేర్చుకునే తరగతి దొరికితే అదే మేలు. తుపాకీ ఖాళీ చేయడం, కంచె దాటేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి అన్నది పక్కన ఒకరు నిలబడి సరిదిద్దితేనే చేతికి వస్తుంది.

ఒంటి మీద, చేతిలో

రైఫిల్ సీజన్‌లో తల, రొమ్ము, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఉండాలి, ఏ పక్క నుంచి చూసినా కనబడాలి. టోపీ, చొక్కా మీద వేసుకునే నారింజ కోటు రెండూ ఉంటే సరిపోతుంది. చలేసిందని కోటు మీద మరో జాకెట్ తొడిగితే రంగు మాయమైపోతుంది, గుర్తుంచుకోండి. తెల్లని చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకోవద్దు. ఈ జింకల తోక కింద తెలుపే ఉంటుంది.

పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కుదరదు. ప్రతి తూటానూ చేత్తో బోల్టో, లివరో, పంపో లాగి ఎక్కించే రకమే కావాలి. కారులో తుపాకీ ఖాళీగా ఉండాలి. మనుషులు ఉండే ఇంటికి 150 గజాల లోపల, ఆ ఇంటివారి అనుమతి లేకుండా తుపాకీతో వేటాడకూడదు. వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. అయితే మొదటి ఏడాది ఆ చివరి అరగంటను వదిలేయమని నా సలహా. మసక వెలుతురులో కొమ్ములు లెక్కపెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

ప్రభుత్వ స్థలాలకు కొదవ లేదు. స్టేట్ గేమ్ ల్యాండ్స్ అనే వేట భూములే సుమారు 15 లక్షల ఎకరాలు ఉన్నాయి. పక్కనే ప్రైవేటు భూమి ఉంటే హద్దు ముందే చూసుకోండి. చెట్ల మొదళ్ల మీద ఊదా రంగు నిలువు గీతలు కనబడితే ఆగిపోవాలి. 2020 నుంచి ఈ రాష్ట్రంలో చాలాచోట్ల ఆ గీత ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డుతో సమానం.

ఏ రోజు, ఏ రోడ్డు పక్కన కారు ఆపుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. పాటర్, క్లింటన్ కౌంటీల అడవుల్లో చాలాచోట్ల ఫోను పలకదు.

మంచె ఎక్కేటప్పుడు

తూటా దెబ్బ గురించి అందరూ భయపడతారు గానీ, వేటగాళ్లను ఎక్కువగా ఆసుపత్రి పాలు చేసే వాటిలో చెట్టు మంచె మీద నుంచి పడిపోవడం ఒకటి. పదిహేను అడుగుల ఎత్తు కింద నుంచి చూస్తే ఏమంత అనిపించదు. తెల్లవారుజామున మంచు పేరుకున్న ఇనుప మెట్ల మీద, బరువైన బూట్లతో కాలు జారితే వెన్నెముక విరగడానికి ఆ ఎత్తు చాలు.

నేల మీద ఉండగానే ఒళ్లంతా పట్టి ఉంచే భద్రతా బెల్టు తొడుక్కోండి. మంచె మీదికి చేరాక కట్టుకుంటే సరిపోదు. పడిపోవడాలు చాలావరకు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మెట్ల నుంచి మంచె మీదికి అడుగు మార్చేటప్పుడు జరుగుతాయి. చెట్టు పొడవునా తాడు కట్టి, బెల్టును దానికి తగిలించి, ముడిని పైకి జరుపుకుంటూ ఎక్కాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. రైఫిల్ భుజాన వేసుకుని ఎక్కకండి. ఖాళీ చేసి, బోల్టు తెరిచి, గొట్టం మూతి నేల వైపు ఉండేలా తాడుకు కట్టి కింద ఉంచండి. పైన కూర్చుని బెల్టు బిగించుకున్నాక లాక్కుని, అప్పుడు తూటాలు నింపండి. దిగేటప్పుడు ఇదే వరస తిరగేసి చేయాలి.

నిజానికి మొదటి ఏడాది మంచె అసలు వద్దంటాను. లావుపాటి చెట్టుకు వీపు ఆనించి, ఎదురుగా వాలు కనబడేలా నేల మీద కూర్చోండి. నారింజ రంగు గుడ్డ ఒకటి చెట్టు చుట్టూ కడితే వెనక నుంచి వచ్చేవారికీ మీరున్నట్టు తెలుస్తుంది.

కొమ్ములు కనబడినప్పుడు

కొమ్ములు కనబడగానే పుట్టే తొందరను ఇక్కడి వేటగాళ్లు బక్ ఫీవర్ అంటారు. గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. చేతులు వణుకుతాయి. స్కోప్‌లో, అంటే రైఫిల్ మీద బిగించిన గురి అద్దంలో, జింక తప్ప మరేదీ కనబడదు. దాని వెనక ఏముందో కళ్లు చూసినా మనసుకు ఎక్కదు. ఇది పిరికితనం కాదు, అనుభవం ఉన్నవాళ్లకూ వస్తుంది. రాకుండా ఆపలేం. వచ్చినప్పుడు చేతులు ఏం చేయాలో అలవాటు చేయగలం.

మొదట, స్కోప్‌ను దూరదర్శినిలా వాడకండి. అలికిడి ఏమిటో చూడటానికి రైఫిల్ ఎత్తారంటే, అక్కడ ఉన్నది మనిషైతే మీరు అతని మీదికి తుపాకీ గురిపెట్టినట్టే. మెడలో బైనాక్యులర్ వేసుకుని, దానితోనే కొమ్ములు లెక్కపెట్టండి. రాష్ట్రంలో ఎక్కువ ప్రాంతాల్లో ఒక పక్కన కనీసం మూడు మొనలున్న మగ జింకనే కాల్చాలి. 2002లో వచ్చిన నిబంధన ఇది. మొన అని లెక్కలోకి రావాలంటే కనీసం అంగుళం పొడవుండాలి. పిట్స్‌బర్గ్ వైపు పశ్చిమ వేట ప్రాంతాల్లో నుదుటికి దగ్గరగా మొలిచే మొదటి మొనను లెక్కలోకి తీసుకోరు, అది కాక మూడుండాలి. జింక తల వంచి మేస్తుంటే కొమ్మలూ కొమ్ములూ కలిసిపోతాయి. తల ఎత్తి పక్కకు తిప్పేదాకా ఆగండి. లెక్క తేలలేదా, వదిలేయండి. మగ జింక ఏడాదికి ఒక్కటే. ఆడ జింకకు వేరే అనుమతి కావాలి. పొరపాటున నిబంధనకు విరుద్ధంగా కాలిస్తే దాచకుండా వెంటనే గేమ్ కమిషన్‌కు చెప్పండి.

కొమ్ములు సరిపోయాయని తేలిన మరుక్షణం నుంచి వాటిని చూడటం మానేయండి. తొలిసారి వెళ్లినవాళ్లు కళ్లు కొమ్ముల మీదే ఉంచి, గురిని కూడా అటే లాక్కుపోతారు. చూపు ముందు కాలి వెనక, రొమ్ము ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర నిలపాలి. గుండె, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి. జింక మీకు పూర్తిగా పక్కకు తిరిగి గానీ, కాస్త అవతలికి మళ్లి గానీ నిలబడి ఉండాలి. ఎదురుగా వస్తున్నా, పరుగెత్తుతున్నా కాల్చకండి. వెనక మట్టి వాలు ఉండాలి. గుట్ట అంచున ఆకాశం వెనకపెట్టుకుని నిలబడిన జింక ఎంత పెద్దదైనా వదిలేయాల్సిందే. జింకల వేటకు వాడే .30-06 రకం తూటా గాలిలో రెండు మైళ్లకు పైగా పోగలదు, గుట్ట అవతల ఎవరి పెరడు ఉందో మీకు తెలియదు.

దూరం గురించి కూడా ముందే నిర్ణయించుకోండి. రేంజిలో బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాల్చింది లెక్కలోకి రాదు. వేటకు తొడుక్కునే మందపు జాకెట్‌తో, నేల మీద కూర్చుని, మోకాలు గానీ కర్ర గానీ ఆసరాగా పెట్టుకుని సాధన చేయండి. ఎంత దూరంలో తూటాలన్నీ అరచేతి వెడల్పులో పడుతున్నాయో అదే మీ హద్దు. చాలామంది కొత్తవాళ్లకు అది 100 గజాల లోపే ఉంటుంది. ఊపిరి సగం వదిలి, ఆగి, వేలు మెల్లగా నొక్కాలి. వణుకు తగ్గకపోతే సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) వేసి, ట్రిగ్గర్ మీది నుంచి వేలు బయటికి తీయండి.

కాల్చిన తర్వాతి గంట

జింక పడిపోయినా, పరుగెత్తినా వెంటనే మళ్లీ తూటా ఎక్కించి సేఫ్టీ వేయండి. కదలకండి. కాల్చినప్పుడు అది నిలబడిన చోటు, చివరిసారి కనబడిన చోటు ఏ చెట్టు దగ్గరో మనసులో గుర్తుపెట్టుకోండి. అరగంట ఆగండి. ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తగలదు. వెంటపడితే ఇంకా దూరం పోతుంది.

తర్వాత అది నిలబడిన చోటికి వెళ్లి ఆకుల మీద చూడండి. నురగతో లేత ఎరుపు రక్తం ఉంటే ఊపిరితిత్తుల దెబ్బ, జింక దగ్గరలోనే ఉంటుంది. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, దుర్వాసనతో ఏదైనా అంటుకుని ఉంటే పొట్టకు తగిలిందన్నమాట. అప్పుడు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగి, అనుభవం ఉన్నవారిని తీసుకుని వెతకాలి. దెబ్బతిన్న జంతువును వెతికి బాధ తీర్చడం వేటగాడి బాధ్యత. చీకటి పడిందనో, చలి పుట్టిందనో వదిలేసి రాకూడదు. ప్రైవేటు భూమిలోకి పోతే మాత్రం యజమానిని అడిగి వెళ్లండి.

పడి ఉన్న జింక దగ్గరికి వీపు వైపు నుంచి వెళ్లండి. కాళ్ల వైపు వద్దు. పొడవాటి పుల్లతో కంటిని తాకండి. చనిపోయిన జింక కళ్లు తెరిచే ఉంటాయి, తాకినా రెప్ప కదలదు. కళ్లు మూసుకుని ఉంటే ఇంకా ప్రాణముందని అర్థం. చనిపోయిందని తేలాక రైఫిల్ ఖాళీ చేయండి. ఫొటో తర్వాత, ముందు లైసెన్సుతో వచ్చే ట్యాగు. బాల్‌పాయింట్ పెన్నుతో వివరాలు నింపి, జింకను అక్కడి నుంచి కదిలించకముందే చెవికి కట్టాలి. పది రోజుల్లోపు గేమ్ కమిషన్‌కు తెలియజేయాలి.

కడుపు కోసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. కత్తి అంచు పైకి, మీ వైపు కాకుండా. పొట్ట, మూత్రాశయం తెగనివ్వకండి. గోరువెచ్చని రోజైతే లోపల ఐసు సంచులు పెట్టి, మాంసాన్ని త్వరగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి తేవాలి.

జింకను లాగడం దగ్గర మన మగవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎదిగిన మగ జింక సగటునే 140 పౌండ్లు తూగుతుంది. ఏడాదంతా కుర్చీలో కూర్చుని, చలిలో, ఉత్సాహం మీద దాన్ని గుట్ట ఎక్కించబోయి గుండెపోటు తెచ్చుకునేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. దక్షిణాసియా వాళ్లలో గుండెజబ్బు ముందే వస్తుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నలభై దాటితే సీజన్ ముందే పరీక్ష చేయించుకోండి. ఒంటరిగా లాగకండి. నేల మీద జార్చి లాగే ప్లాస్టిక్ స్లెడ్జి వాడండి, యాభై అడుగులకోసారి నిలబడండి. రొమ్ములోనో, ఎడమ చేతిలోనో, దవడలోనో నొప్పి మొదలైతే జింకను అక్కడే వదిలి 911కు ఫోను చేయండి.

ఇంటికి వచ్చాక

బట్టలు వాకిట్లోనే విప్పి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడిలో వేయండి. నవంబరు చలికి పిడుదులు ఉండవనుకోవద్దు. లైమ్ వ్యాధిని మోసే నల్లకాళ్ల పిడుదులు పెద్దవై తిరిగేది ఈ కాలంలోనే. ఈ రాష్ట్రంలో లైమ్ కేసులు దేశంలోనే బాగా ఎక్కువ. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవుల వెనక చూసుకోండి. జింక చల్లబడుతున్నకొద్దీ దాని మీది పిడుదులు దిగి మీ మీదికి ఎక్కుతాయి.

మాంసం విషయంలో రెండు సంగతులు. జింకల మెదడును తినేసే సీడబ్ల్యూడీ అనే రోగం పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు తేలలేదు. అయినా రోగం ఉన్న జింకను తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. రోగం ఉన్న ప్రాంతాలను గేమ్ కమిషన్ ప్రత్యేక మండలాలుగా ప్రకటిస్తుంది. అక్కడి నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకెళ్లకూడదు. తలను పరీక్షకు ఇవ్వడానికి కమిషన్ పెట్టెలు ఉంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు. రెండోది సీసం. సీసం తూటా ఎముకకు తగిలితే కంటికి కనబడని ముక్కలుగా మాంసంలోకి చెదురుతుంది. గాయం చుట్టూ చాలా మేర కోసి పారేయండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు సీసం తూటాతో కొట్టిన జింక మాంసం పెట్టకండి. వీలైతే మొదటి నుంచే రాగి తూటాలు కొనండి.

పరీక్ష ఫలితం రావడానికి వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉండనివ్వండి, స్నేహితుల ఇళ్లకు పంచకండి. పంచేటప్పుడు అది జింక మాంసమని, ఏ రకం తూటాతో కొట్టారో కూడా చెప్పి ఇవ్వండి.