రూటర్‌కి పెట్టే బ్యాకప్ హార్డ్‌డిస్క్‌కి ఏ ఫార్మాట్ మంచిది?

మా బావకి శ్రీకాకుళంలో ఫొటో స్టూడియో ఉంది. మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో రూటర్ వెనకాల 2 టీబీ హార్డ్‌డిస్క్ గుచ్చి, వీడియోలన్నీ వైఫై మీద అందులోకి పంపేస్తే బ్యాకప్ అయిపోద్ది అనుకున్నాడు, చిన్న క్లిప్పులన్నీ వెళ్లిపోయాయి గానీ తలంబ్రాల ఫైల్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయి, ఫైల్ మరీ పెద్దదని మెసేజ్ వచ్చింది. డిస్కులో చూస్తే సగానికి పైగా ఖాళీ. "ఇంత ఖాళీ ఎట్టుకుని పట్టదంటాదేట్రా" అని రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

వెళ్లి చూస్తే ఆ డిస్కు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంది, ఫార్మాట్ అంటే డిస్కులో ఫైళ్లు సర్దిపెట్టే పద్ధతి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, డిస్కు ఎంత పెద్దదైనా అంతే. ఫొటోలూ బిల్లులూ దాచుకునేవాళ్లకి ఇది ఏళ్ల తరబడి తెలీదు, పెద్ద వీడియో పడ్డ రోజే బయటపడుద్ది. బ్యాకప్‌కి మాత్రం ఫ్యాట్32 వద్దే వద్దు.

మరి ఏది పెట్టాలి? చాలామంది నా ల్యాప్‌టాప్ విండోస్ కాబట్టి డిస్కూ విండోస్ ఫార్మాట్‌లోనే ఉండాలి అనుకుంటారు. డిస్కుని ల్యాప్‌టాప్‌కే గుచ్చితే ఆ లెక్క కరెక్టే. నెట్‌వర్క్ మీద అయితే డిస్కుని చదివేదీ దానిమీద రాసేదీ రూటరో నాస్ డబ్బానో (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డబ్బా), మన ల్యాప్‌టాప్ ఫలానా ఫైల్ ఇయ్యి అని దాన్ని అడుగుద్ది అంతే, లోపల ఏ ఫార్మాట్ ఉందో దానికి అనవసరం. అందుకే ముందు డిస్కు గుచ్చే డబ్బా మాన్యువల్ తీసి అది ఏ ఫార్మాట్లు చదువుద్దో, ఏ ఫార్మాట్లలో రాయగలదో చూడండి, చదవడం వేరు రాయడం వేరు, కొన్ని రూటర్లు కొన్ని ఫార్మాట్లని చదివి ఊరుకుంటాయి.

రెండోది కరెంటు, మన జిల్లావాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, కానీ తుఫాను వస్తుందని ముందే చెప్తారు, డిస్కు తీసి దాచుకోవచ్చు. ఎండాకాలం సాయంత్రం గాలివానకి చెప్పాపెట్టకుండా పోయే కరెంటే డిస్కుని ఎక్కువ దెబ్బతీస్తది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటి ఫార్మాట్లలో జర్నలింగ్ ఉంటది, అంటే కిరాణా కొట్టాయన ముందు చిట్టాలో రాసుకుని తర్వాత సరుకు కట్టినట్టు, చేయబోయే మార్పుని ముందు ఒకచోట రాసుకుంటది, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ వచ్చాక ఆ చిట్టా చూసి సర్దుకుంటది. అప్పుడు కాపీ అవుతున్న ఫైల్ పోవచ్చు గానీ మిగతా ఫోల్డర్లు నిలబడతాయి. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఈ చిట్టా లేదు. పెద్ద ఫైళ్లు పడతాయి, విండోస్‌కీ మ్యాక్‌కీ రెండిటికీ పనికొస్తది, చేతిలో పట్టుకుని తిరిగే డిస్కుకి బావుంటది, కానీ రాత్రీ పగలూ రూటర్‌కి ఉండిపోయే డిస్కుకి నేను పెట్టను.

కాబట్టి ఇంట్లో అందరిదీ విండోసే అయ్యి, డిస్కు రూటర్‌కి ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి, రేపు రూటర్ కాలిపోయినా డిస్కు పీకి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే తెరుచుకుంటది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరో పాత లైనక్స్ సిస్టమో పెట్టుకున్నవాళ్లకి ఈఎక్స్‌టీ4, కాకపోతే అది విండోస్‌లో నేరుగా తెరుచుకోదు, ల్యాప్‌టాప్‌ని లైనక్స్‌లో ఆన్ చేసే పెన్‌డ్రైవ్ ఒకటి దగ్గర ఉంచుకోండి. నాస్ కొన్నవాళ్లకి డబ్బానే ఫార్మాట్ చేస్తది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్ పెట్టాలా అని అడిగితే తీసుకోవచ్చు, పొరపాటున చెరిపేసిన ఫైల్‌ని స్నాప్‌షాట్ (డిస్కు ఫలానా రోజు ఎలా ఉందో గుర్తుపెట్టుకున్న నకలు) నుంచి వెనక్కి తేవచ్చు, కానీ స్నాప్‌షాట్ కూడా అదే డిస్కులో ఉంటది, డిస్కు పోతే అదీ పోతది. మ్యాక్ వాళ్లు దాని బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్‌ని నెట్‌వర్క్ మీద వాడితే అది తనకి కావాల్సిన డిస్క్ ఇమేజ్ (డిస్కులా పనిచేసే ఫైల్) తనే చేసుకుంటది, డబ్బా టైమ్ మెషీన్‌కి సపోర్ట్ చేస్తదో లేదో చూస్తే చాలు.

ఫార్మాట్ కొడితే ఉన్నదంతా పోద్ది, ముందు వేరేచోటికి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే కొట్టండి. డిస్కుని విండోస్ ల్యాప్‌టాప్‌కి గుచ్చి, దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఇప్పుడున్న ఫైల్ సిస్టమ్, అంటే ఫార్మాట్ పేరు కనపడుద్ది, ఫార్మాట్ కొట్టే ఆప్షన్ కూడా ఆ రైట్ క్లిక్‌లోనే ఉంటది. తర్వాత రూటర్‌కి పెట్టి 4 జీబీ దాటిన ఫైల్ ఒకటి పంపి, అదే ఫైల్‌ని వేరే ల్యాప్‌టాప్‌లోకి వెనక్కి తెచ్చి చివరిదాకా ప్లే చేయండి. మేం ఆ రాత్రి ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసి తలంబ్రాల ఫైలే పంపాం, వైఫై మీద నెమ్మదిగానే వెళ్లింది, మా అక్క ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అప్పగింతల దాకా ఎక్కడా ఆగకుండా ఆడింది.