నవంబర్ 14కి నెహ్రూ గోడపత్రిక

22×28 అంగుళాల చార్టులు మూడు చాలు. మొదటిదానిలో జీవితం క్లుప్తంగా: 1889 నవంబర్ 14న అలహాబాద్‌లో పుట్టుక, దాదాపు 9 ఏళ్ల జైలు, 1947 నుంచి ప్రధాని పదవి, 1964 మే 27న మరణం.

రెండోది మొత్తం రచనలకే ఇవ్వండి. పిల్లలు ఆగి చదివేది ఇక్కడే. 1928లో ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు ఆయన రాసిన ఉత్తరాల్లో ఒకదాని సారం మూడు వాక్యాల్లో, పెద్దక్షరాలతో రాయించండి. 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' దగ్గరే తప్పు దొర్లుతుంది: రాసింది 1944లో అహ్మద్‌నగర్ కోట జైల్లో, అచ్చయింది 1946లో. రెండూ వేయాలి.

మూడోది మన రాష్ట్రానిది: 1953 అక్టోబర్ 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర ప్రారంభం, 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన. ధవళేశ్వరం ఆనకట్టను మాత్రం ఆయన ఖాతాలో వేయకండి; అది 1852 నాటికే కాటన్ కట్టించింది.

కోనసీమలో నవంబర్ అంటే ముసురే. చార్టు మీద కాగితాలు అంటించేటప్పుడు మైదా జిగురు పల్చగా రాసి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టండి. లేకపోతే బూజు పడుతుంది. స్కెచ్ పెన్ రంగు చెమ్మకు పాకుతుంది, పర్మనెంట్ మార్కరే వాడండి. చార్టును గోడకు అంటించకుండా, జానెడు ఎడంగా పురికొసకు క్లిప్పులతో వేలాడదీయండి.