సికిల్ సెల్ మాత్రలు మానకుండా వేసుకోవాలంటే

నాది సికిల్ సెల్, ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి నొప్పి తెచ్చే జబ్బు. చిన్నప్పుడు మాత్ర చేతిలో పెట్టి నీళ్ల గ్లాసు అందించేది మా అమ్మ. పెళ్లయి దేవరకొండ వచ్చాక ఆ పని నామీదే పడింది. పెద్దవాళ్లకు చిక్కంతా ఇక్కడే. నొప్పి లేని రోజు "బాగానే ఉన్నా కదా, మందెందుకు" అనిపిస్తుంది. మనం వేసుకునే ఈ మందు, హైడ్రాక్సీయూరియా, నొప్పి గోలీ కాదు. పుట్టకముందు మన ఒంట్లో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచి, ఎర్రకణాలు కొడవలిలా వంగడాన్ని తగ్గిస్తుంది. ఆ గుణం కనబడటానికి నెలలు పడుతుంది.

నా మాత్రలు చాయ్‌పత్తి డబ్బా పక్కన ఉంటాయి. చాయ్ మానను, కాబట్టి మాత్రా మానను. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు.

అసలు టెన్షన్ రక్తపరీక్ష. రక్తకణాల సంఖ్య చూడకుండా డోసు నిర్ణయించరు. పరీక్షకు పోతే ఆ రోజు కూలి పాయె, బస్ చార్జీ పాయె. ఓపిక లేక మందు మానేసేవాళ్లను నేను తప్పుపట్టను. నేనైతే నల్లగొండలో వేరే పని పడినప్పుడే పరీక్షా చేయించుకుంటా, చివరి స్ట్రిప్పు తెరవకముందే.

చుట్టాల ముందు మాత్ర వేసుకోవడానికి సిగ్గైతే విటమిన్ అని చెప్పండి, వాళ్లకెందుకు? డాక్టర్ దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు. పిల్లలు కావాలనుకుంటే, ఆడవాళ్లైనా మగవాళ్లైనా, ముందే అడగాలి. గర్భంలో బిడ్డకు ఈ మందు హాని చేయొచ్చు.

జ్వరమో, ఛాతీనొప్పో వస్తే మాత్రలు వేసుకుంటున్నాం కదా అని ఇంట్లో ఆగకండి, వెంటనే ఆసుపత్రికి పోండి.