పాత ట్రాక్టరుతో గడ్డి కోత, ఇతర యంత్రాల నడక: పీటీఓ వాడే పద్ధతి

విశాఖపట్నం చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాల్లోని జీడి, మామిడి, కొబ్బరి తోటల్లో, దున్నకం పనుల నుంచి తప్పించిన పాత ట్రాక్టరు ఏ రేకుల షెడ్డులోనో నిలిచి ఉండడం కొత్త విషయం కాదు. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో వచ్చిన 25 నుంచి 35 హార్స్ పవర్ ట్రాక్టర్ల ఇంజిన్లు, సకాలంలో ఆయిలు మార్చి చూసుకుంటే, ఈనాటికీ తోటపనికి సరిపడా బలం ఇస్తాయి. కాబట్టి అటువంటి బండిని తుక్కు ధరకు వదులుకోవడం కంటే, వెనుక ఉన్న పీటీఓ (పవర్ టేక్-ఆఫ్) షాఫ్టు, అంటే ఇంజిన్ బలాన్ని పనిముట్లకు అందించే తిరిగే కడ్డీ సాయంతో గడ్డి కోయడానికి, నీరు తోడడానికి, మేత నరకడానికి వాడుకోవడం లాభసాటి.

అయితే కొత్త ట్రాక్టరుకు అలవాటు పడిన డ్రైవరు, పాతదానికి స్లాషర్ అనే గడ్డి కోసే పనిముట్టు తగిలించి అదే పద్ధతిలో నడపబోతే ప్రమాదం తప్పదు. పాత బండిలో పీటీఓకు, వెనుక చక్రాలకు చాలా సందర్భాల్లో ఒకే క్లచ్ ఉంటుంది. ఏ పనిముట్టు కొనాలి, ఏ వరుసలో నడపాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంటాయి.

క్లచ్ ఏ రకమో ముందు తేల్చుకోవాలి

ఒకే క్లచ్ ఉన్న బండిలో పెడల్ తొక్కగానే చక్రాలకూ పీటీఓకూ ఇంజిన్ బలం ఒకేసారి తెగిపోతుంది. రెండంచెల క్లచ్ ఉన్న బండిలో సగం వరకు తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, పూర్తిగా తొక్కితేనే పీటీఓ ఆగుతుంది. మరమ్మతు ఖర్చు తగ్గించుకోవడానికి రెండంచెల క్లచ్ తీసేసి ఒంటి ప్లేటు బిగించిన పాత బళ్లు కూడా ఉంటాయి కనుక, మోడలు పేరు చూసి నిర్ణయానికి రాకూడదు.

పరీక్ష సులువే. వెనుక ఏ పనిముట్టూ లేకుండా, బండిని చదునైన చోట నిలిపి, బ్రేకు బిగించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పీటీఓ లివర్ వేసి, ఇంజిన్‌ను నెమ్మది వేగంలో నడపాలి. ఒక మనిషి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి షాఫ్టును గమనిస్తుండగా పెడల్‌ను మెల్లగా తొక్కుతూ పోవాలి. పెడల్ మధ్యలో ఒకచోట గట్టిపడి, ఆ దశలో కూడా షాఫ్టు తిరుగుతూనే ఉండి, అడుగుకు చేరినప్పుడు మాత్రమే ఆగితే అది రెండంచెల క్లచ్. అలా కాక సగంలోనే షాఫ్టు నిలిచిపోతే ఒకే క్లచ్ అని భావించి, ఈ కింది జాగ్రత్తలన్నీ తీసుకోవాలి.

ఒకే క్లచ్ ఉన్న ట్రాక్టరుకు స్లాషర్ తగిలించినప్పుడు ఏం జరుగుతుందో అర్థం చేసుకుంటే తక్కిన విషయాలు వాటంతట అవే తెలుస్తాయి. స్లాషర్ అడుగున బరువైన ఇనుప పళ్లెం, దాని అంచులకు వేలాడే కత్తులు వేగంగా తిరుగుతుంటాయి. మీరు గట్టు చేరువలో ఆగుదామని క్లచ్ తొక్కితే ఇంజిన్ విడిపోతుంది గాని, తిరుగుతున్న ఆ బరువు మాత్రం షాఫ్టు ద్వారా గేరుబాక్సుతోనూ, అక్కడి నుంచి వెనుక చక్రాలతోనూ కలిసే ఉంటుంది. దానితో ఇంజిన్ బండిని నడిపే స్థితి పోయి, కత్తుల ఊపే బండిని ముందుకు తోస్తుంది. క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నా బండి మరికొన్ని మీటర్లు సాగిపోవచ్చు, అరిగిన పాత బ్రేకులు దానిని నిలపలేకపోవచ్చు. ముందున్నది కంచె అయితే తీగలు తెగుతాయి. ముందున్నది వరల్లేని నేలబావి అయితే జరిగేది ఊహించుకోవచ్చు.

దీనికి విరుగుడు ఓవర్‌రన్నింగ్ కప్లింగ్ అనే చిన్న పరికరం. తొక్కడం ఆపినా సైకిలు చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలు మాదిరిగానే, ఇది ఇంజిన్ నుంచి స్లాషర్ వైపు బలాన్ని పోనిస్తుంది, స్లాషర్ నుంచి గేరుబాక్సు వైపు రానివ్వదు. దానిని ట్రాక్టరు పీటీఓ పళ్ల మీదికి ఎక్కించి పిన్నుతో బిగించి, ఆ తరువాత షాఫ్టును దానికి తగిలించాలి. ఒకే క్లచ్ ఉన్న బండితో స్లాషర్ నడపదలచినవారు దీనిని ఐచ్ఛికంగా భావించకూడదని నా అభిప్రాయం. ఇది లేకపోతే ఆ పనికే పూనుకోకపోవడం మంచిది. ఇది బిగించిన తరువాత బండి ఆగినా కత్తులు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి కనుక, ఆ చప్పుడు పూర్తిగా నిలిచేవరకు సీటు దిగకూడదు. కత్తెర మాదిరిగా అటూ ఇటూ ఆడే సికిల్ బార్ మోవరుకు అంత తిరిగే బరువు ఉండదు కాబట్టి దానికి ఈ చిక్కు దాదాపుగా లేదు.

మరొక మెలిక కూడా ఉంది. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులో తయారైన ఫెర్గూసన్ టీఈ20 వంటి బళ్లలో హైడ్రాలిక్ పంపు కూడా పీటీఓ షాఫ్టు మీదనే నడుస్తుంది. కనుక పీటీఓ లివర్ వేసి, క్లచ్ వదిలి ఉన్నప్పుడే పనిముట్టును ఎత్తే లిఫ్ట్ పైకి లేస్తుంది. అంటే స్లాషర్‌ను ఎత్తే ప్రతిసారీ కత్తులు తిరుగుతూనే ఉంటాయన్నమాట. అటువంటి బండి దగ్గర పనిముట్టు ఎత్తేటప్పుడు, వెనుక ఎవరూ లేరని తల తిప్పి చూసుకోవడం అలవాటు కావాలి.

షాఫ్టు కొలత, పళ్లు, తొడుగు

ఇప్పటి పనిముట్ల షాఫ్టులు 6 పళ్లతో, ఒకటింబాతిక అంగుళం మీద మరో అర్ధపాతిక, అంటే దాదాపు 35 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. టీఈ20 వంటి మరీ పాత బళ్ల పీటీఓ మాత్రం సుమారు 28.6 మిల్లీమీటర్లే ఉంటుంది. అప్పుడు రెండు కొలతలనూ కలిపే ఒక ఇనుప తొడుగు (అడాప్టరు) మధ్యలో వాడవలసి వస్తుంది. గాజువాక ఆటోనగర్ లేత్ షాపుల్లో ఏ భాగాన్నయినా తిప్పి ఇస్తారు గాని, మామూలు మెత్తటి ఇనుముతో చేయించిన తొడుగు పళ్లు త్వరగా నలిగి, ట్రాక్టరు షాఫ్టు పళ్లను కూడా పాడుచేస్తాయి. అందుచేత గట్టిపరచిన ఉక్కుతో తయారైన తొడుగునే కొనాలి. దానిని బిగించే బోల్టు తల బయటకు పొడుచుకు రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే బట్టలు ముందు చిక్కేది అక్కడే.

తొడుగు, ఓవర్‌రన్నింగ్ కప్లింగ్ చేరిన తరువాత ట్రాక్టరు వైపు పొడవు పెరుగుతుంది కనుక, పనిముట్టుతో వచ్చిన షాఫ్టు ఇక పొడవు ఎక్కువవుతుంది. అలాగే బిగిస్తే లిఫ్ట్ ఎత్తినప్పుడు రెండు గొట్టాలూ అడుగుకు తగిలి, గేరుబాక్సు బేరింగ్ మీదనో పీటీఓ సీలు మీదనో దెబ్బ పడుతుంది. ఇంజిన్ ఆపి, పనిముట్టును నెమ్మదిగా కిందికీ మీదికీ కదిపి, రెండు చివరల మధ్య దూరం ఎక్కడ అతి తక్కువగా ఉందో, ఎక్కడ అతి ఎక్కువగా ఉందో కొలవాలి. అతి తక్కువ దూరంలో గొట్టాలకు ఇంకా ఒక అంగుళం ఖాళీ మిగలాలి. అతి ఎక్కువ దూరంలో లోపలి గొట్టం బయటి గొట్టంలో కనీసం మూడో వంతు కలిసి ఉండాలి. కోయవలసి వస్తే రెండు గొట్టాలనూ, వాటి ప్లాస్టిక్ తొడుగులనూ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, గ్రీజు రాసి కలపాలి. కలిపేటప్పుడు రెండు చివరల యోకులు, అంటే కీలు క్రాసులను పట్టుకునే కవల చేతులు, ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే షాఫ్టు అదురుతుంది.

ఆ ప్లాస్టిక్ తొడుగును తీసి పారేయడం మన వైపు తరచు కనిపించే అలవాటు. పీటీఓ పనిముట్లు నడవవలసిన నిమిషానికి 540 చుట్ల వేగమంటే సెకనుకు 9 చుట్లు. 35 మిల్లీమీటర్ల షాఫ్టు ఆ వేగంతో సెకనుకు దాదాపు ఒక మీటరు గుడ్డను చుట్టుకుంటుంది. భుజం మీది రెండు గజాల తువ్వాలు కొస దానికి తగిలితే, విదిలించుకునే వ్యవధి దొరకదు. లుంగీతో, వేలాడే తువ్వాలుతో పీటీఓ దగ్గరకు ఎవరినీ రానివ్వకూడదు.

540 ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టుకోవడం

పాత బళ్లలో మీటరు పనిచేయడం అరుదు. చవకగా దొరికే, వెలుగుతో చుట్లు లెక్కించే లైటు టాకోమీటరును అరువు తెచ్చుకున్నా చాలు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పీటీఓ షాఫ్టు మీద చిన్న మెరుపు టేపు ముక్క అంటించి, పనిముట్టు లేకుండా బండిని నడిపి, ఒక మీటరు దూరం నుంచి దాని మీదికి వెలుగు పడేలా పట్టుకోవాలి. యాక్సిలరేటరు చేతి లివర్‌ను మెల్లగా లాగుతూ, అంకె 540 దగ్గర నిలకడగా ఉన్నచోట లివర్ పక్కనున్న రేకు మీద తెల్ల రంగుతో గీత గీయాలి. ఇక ప్రతి కోతకూ ఆ గీతే కొలత. మాస్సీ ఫెర్గూసన్ 35 వంటి కొన్ని బళ్లలో పీటీఓ లివర్‌కు చక్రాల వేగాన్ని బట్టి షాఫ్టు తిరిగే స్థానం కూడా ఉంటుంది. బండి ఆగితే షాఫ్టు కూడా ఆగుతుంటే లివర్ ఆ స్థానంలో ఉందని గ్రహించి, ఇంజిన్ స్థానానికి మార్చుకోవాలి.

తోటలో కోత

స్లాషర్ వెడల్పులో ప్రతి అడుగుకూ పీటీఓ దగ్గర సుమారు 5 హార్స్ పవర్ ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 35 హార్స్ పవర్ పాత ఇంజిన్ నుంచి పీటీఓకు చేరేది 30కి మించదు, అరుగుదలను లెక్కలోకి తీసుకుంటే 5 అడుగుల స్లాషర్ దానికి గరిష్ఠం. 25 హార్స్ పవర్ బండికి 4 అడుగులు చాలు. రోటావేటర్ జోలికి మాత్రం పోవద్దని చెబుతాను. ఒకే క్లచ్, వేగమైన మొదటి గేరు ఉన్న బండి దానిని మోయగలదేమో గాని, మట్టి సరిగా చితకదు, గేరుబాక్సు అరుగుతుంది.

జీడితోటలో గింజ రాలడం మొదలవకముందే, అంటే సుమారుగా జనవరి నెలాఖరుకు నేల శుభ్రం కావాలి, లేకపోతే గింజలు గడ్డిలో కలిసిపోతాయి. వయ్యారిభామను పూత రాకముందే కోయాలి. పూత వచ్చాక కోస్తే గింజలు తోటంతా పరుచుకుంటాయి, పుప్పొడి వల్ల చర్మం దద్దుర్లు వేస్తుంది, ఊపిరి కూడా ఇబ్బంది పడుతుంది. కనుక నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

కోతకు ముందు నేలంతా కాలినడకన ఒకసారి తిరగడం అన్నిటికంటే ముఖ్యమైన పని. డ్రిప్ పైపులు, కొబ్బరి డొక్కలు, కంచె తీగ ముక్కలు, ఎర్రమట్టిలోంచి తేలిన రాళ్లు ఏరివేయాలి. అయిదడుగుల స్లాషర్ కత్తి నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 280 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంతో ఎగిరిన గులకరాయి ఎంత దూరమైనా పోగలదు కనుక, 100 మీటర్ల లోపు మనుషులు, పశువులు ఉండకూడదు. చెదపుట్టలకు కర్ర పాతి గుర్తు పెట్టాలి. నాగులచవితికి పాలు పోసే పుట్టను ఎవరూ కొట్టనివ్వరన్నది అటుంచి, ఎండి గట్టిపడిన పుట్టకు తగిలిన కత్తి వంగిపోవడం ఖాయం.

నడిపే వరుస ఇది. ఇంజిన్ నెమ్మదిగా ఉన్నప్పుడే క్లచ్ తొక్కి పీటీఓ వేసి, క్లచ్‌ను మెల్లగా వదలాలి. కత్తులు విచ్చుకునేటప్పుడు నాలుగు దెబ్బల చప్పుడు వచ్చి సర్దుకుంటుంది. తరువాత లివర్‌ను తెల్ల గీతకు తెచ్చి, బండిని మొదటి గేరులో కదిలించాలి. ఒకే క్లచ్ ఉన్న బండిలో గడ్డి మధ్యలో క్లచ్ తొక్కితే కత్తుల వేగం కూడా పడిపోతుంది కనుక, దట్టమైన చోట వేగం తగ్గించే ఆలోచన మాని, పనిముట్టు సగం వెడల్పు మాత్రమే గడ్డిలో ఉండేలా పక్కకు జరిగి నడపాలి. వరుస చివర ఆగవలసి ఉంటే పది పదిహేను మీటర్ల ముందే యాక్సిలరేటరు తగ్గించి, కత్తుల ఊపు తగ్గాక క్లచ్ తొక్కాలి. రాయి తగిలి షియర్ బోల్టు (గేరుబాక్సును కాపాడడానికి ముందుగా తెగే బోల్టు) తెగితే అదే గ్రేడు బోల్టు వేయాలి. గట్టి బోల్టు వేస్తే తరువాత తెగేది గేరుబాక్సు పళ్లే.

పాత బళ్లకు బోల్తా పడినప్పుడు కాపాడే ఇనుప చట్రం ఉండదు. పద్మనాభం, సింహాచలం కొండవాలు తోటల్లో వాలుకు అడ్డంగా నడపడం ప్రాణాపాయం. అటువంటి చోట మనిషి చేతి బ్రష్ కట్టరుతో కోయడమే సరైనది. మొద్దులు లాగవలసి వస్తే గొలుసును వెనుక కింద ఉండే డ్రాబార్ అనే లాగుడు పట్టీకే కట్టాలి. ఇరుసు కంటే పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది.

పంపు, ఆల్టర్నేటరు, మేత యంత్రం

పీటీఓకు పుల్లీ తగిలించి బెల్టు నడిపే పనులకు లెక్క ఒక్కటే. నడిపే పుల్లీ వ్యాసాన్ని దాని చుట్లతో గుణించగా వచ్చినది, నడిచే పుల్లీ వ్యాసాన్ని దాని చుట్లతో గుణించగా వచ్చినదానికి సమానం. పీటీఓ వైపు 16 అంగుళాలు, పంపు వైపు 6 అంగుళాల పుల్లీలు వేస్తే 540 కాస్తా 1440 అవుతుంది, సెంట్రిఫ్యుగల్ పంపుకు అది సరిపోతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే నాలుగు పోళ్ల ఆల్టర్నేటరుకు 1500 చుట్లు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేని ఈ ప్రాంతంలో దాని విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయితే మధ్యలో చేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైను నుంచి విడదీసి ఆల్టర్నేటరుకు కలిపేది) లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే కరెంటు బయటి లైనులోకి పోయి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. మేత యంత్రానికి దాని చక్రం మీద రాసి ఉన్న చుట్లను మించకూడదు.

సముద్రపు గాలిలో సంరక్షణ

తీరానికి దగ్గరగా ఉన్న షెడ్డులో పీటీఓ పళ్లు, టాప్ లింకు మరలు నెల తిరక్కుండానే తుప్పు పడతాయి. పని ముగిశాక వాటికి గ్రీజు పూసి, పీటీఓకు రేకు మూత తప్పక బిగించాలి. షాఫ్టు క్రాసులకు ప్రతి 8 నుంచి 10 గంటల పనికి ఒకసారి గ్రీజు గన్ పెట్టాలి. ఆయిలు తొట్టి ఉన్న పాత ఎయిర్ క్లీనరును గడ్డి కోసే రోజుల్లో రోజూ విప్పి చూసి, అడుగున బురద పేరితే ఆయిలు మార్చాలి. రేడియేటరు జాలికి పట్టిన గడ్డి నూగును ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగాలి. సైలెన్సరు దగ్గర చిక్కిన ఎండు గడ్డిని, బండి చల్లారాక, షెడ్డులో పెట్టేముందే తీసివేయాలి.