ఫ్రెండ్ వచ్చి "నాకిలా జరిగింది" అని చెప్తే ఏం చేయాలి

కాలేజీలో లైంగిక దాడి అనగానే చాలామంది ముక్కూమొహం తెలియనివాణ్ని, చీకటి సందుని ఊహించుకుంటారు. ఎక్కువ కేసుల్లో ఆ మనిషి తెలిసినవాడే. క్లాస్‌మేట్, సీనియర్, బాయ్‌ఫ్రెండ్, ఒక్కోసారి పాఠం చెప్పే సారే. తెలిసినవాడు కాబట్టే పోలీసుల దాకా వెళ్లాలంటే భయం, ఇంట్లో చెప్పాలంటే ఇంకా భయం, దాంతో చాలామంది మొదట నోరు విప్పేది ఫ్రెండ్ దగ్గరే. ఆ ఫ్రెండ్ మీరే అయినప్పుడు పనికొచ్చే విషయాలు రాస్తున్నాను. రాయడం అమ్మాయి అనే రాస్తున్నా గానీ ఇది అబ్బాయిలకూ జరుగుతుంది, నవ్వుతారేమోనని వాళ్లు అసలు బయటికే చెప్పరు.

మొదటి పని వినడం. మీ నోట్లోంచి రావాల్సినవి మూడే మాటలు: "నిన్ను నమ్ముతున్నాను", "ఇందులో నీ తప్పు లేదు", "ఇప్పుడు నీకేం కావాలి?" తర్వాత నోరు మూసుకోండి. అంత రాత్రి ఎందుకెళ్లావు, తాగావా, వాడి రూముకి నువ్వే వెళ్లావా, ఈ ప్రశ్నలు మీ మనసులో వస్తే రానివ్వండి, బయటికి మాత్రం రానివ్వద్దు. ముఖ్యంగా "అరవొచ్చు కదా" అనకండి. దాడి జరుగుతున్నప్పుడు చాలామందికి ఒళ్లు కొయ్యబారిపోతుంది, చెయ్యి లేవదు, గొంతు పెగలదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల కోసం ఉన్న ఎమర్జెన్సీ క్లినిక్‌కి వచ్చిన 298 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. వాళ్లలో 70 శాతం మంది ఆ సమయంలో బాగా బిగుసుకుపోయామనే చెప్పారు. అలా బిగుసుకుపోయినవాళ్లే "నేనెందుకు ఆపలేదు" అని తమని తాము ఎక్కువగా తిట్టుకుంటుంటారు, మీరు కూడా అదే అడిగితే ఇక మళ్లీ ఎవరికీ చెప్పరు.

చెప్పేటప్పుడు ముందుది వెనక, వెనకది ముందు వస్తుంది. కొన్ని ముక్కలు అసలు గుర్తుండవు. అంత భయంలో జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది, దాన్ని అబద్ధం కింద లెక్కేయకండి, లాయర్‌లా ప్రశ్నలేసి వరస కలపాలని చూడకండి.

ఇక్కణ్నుంచి కొంచెం టైమ్‌తో పని. ముందు తను ఉన్న చోటు భద్రంగా ఉందా, వాడు అక్కడికి రాగలడా, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఇది చూడండి. తర్వాత ఆసుపత్రి. కేసు పెట్టాలా వద్దా అన్నది తేలేదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదేమో అనుకుని చాలామంది విలువైన గంటలు పోగొట్టుకుంటారు, ఆ రెండూ వేర్వేరు సంగతులు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆ కోర్సు 28 రోజులుంటుంది. గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర 5 రోజుల వరకు వేసుకోవచ్చు గానీ రోజు గడిచేకొద్దీ దాని పని తగ్గుతుంది. హెపటైటిస్ బి టీకా గురించి, మిగతా సుఖవ్యాధులకు మందుల గురించి కూడా డాక్టర్ని అడగండి. ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు: వాడు గొంతు నొక్కి ఉంటే పైకి గాయం కనిపించకపోయినా వెంటనే చూపించాలి, లోపల రక్తనాళం దెబ్బతిని ఆ తర్వాత పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

సాక్ష్యం పోకూడదనుకుంటే డాక్టర్ చేసే పరీక్షకి ముందు స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా, పళ్లు తోముకోకుండా ఉంటే మేలు. ఇప్పటికే స్నానం చేసేసిందా, పర్లేదు, అయినా వెళ్లొచ్చు. విప్పిన బట్టల్ని ఉతకొద్దు, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో తేమ పట్టి ఆనవాళ్లు పాడవుతాయి. డ్రింకులో ఏదో కలిపారని అనుమానం ఉంటే మొదటి యూరిన్ శాంపిల్ చాలా ముఖ్యం, కొన్ని మత్తుమందులు సుమారు 12 గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతాయి. (అయితే ఇలాంటి దాడుల్లో ఎక్కువగా వాడే మత్తు మామూలు మద్యమే.) పరీక్షలో ఏ దశలోనైనా "ఇది వద్దు" అనే హక్కు తనకుంది. వెళ్లగానే ఒక ప్రశ్న అడగండి: ఈ విషయం పోలీసులకు తప్పనిసరిగా చెప్తారా? ఒక్కోచోట ఒక్కో రూలు, ముందే తెలిస్తే షాక్ ఉండదు.

ఫోన్‌లో ఏదీ డిలీట్ చేయనివ్వకండి. కోపంతో వాడి చాట్ మొత్తం చెరిపేయాలనిపిస్తుంది, కానీ మర్నాడు వాడు పెట్టే "సారీ, నిన్న కొంచెం ఎక్కువైంది" లాంటి మెసేజే రేపు అక్కరకొస్తుంది. పేరు, నంబర్, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకోచోట కూడా దాచండి. మీరు కూడా తను ఏం చెప్పిందో, ఎన్ని గంటలకు చెప్పిందో తన మాటల్లోనే రాసిపెట్టుకోండి, మొదట విన్నవాళ్లుగా మీ మాట అవసరం పడొచ్చు.

ఫిర్యాదు విషయంలో కాలేజీ దారి వేరు, పోలీసుల దారి వేరు. కాలేజీ అయితే సెక్షన్ మార్చగలదు, హాస్టల్ మార్చగలదు, వాణ్ని సస్పెండ్ చేయగలదు. శిక్ష వేయించే పని మాత్రం పోలీసులు, కోర్టు చూస్తారు. ఒకటి ఎంచుకోవచ్చు, రెండూ ఎంచుకోవచ్చు, ఏదీ వద్దనుకోవచ్చు. ఎంచుకునేది తనే. దాడిలో పోయింది తన ఒంటి మీద తన మాట చెల్లుబాటు కావడమే, ఇప్పుడు మీరు కూడా తన తరఫున నిర్ణయాలు తీసేసుకుంటే అదే మళ్లీ జరిగినట్టు. కాబట్టి వాడి రూముకెళ్లి కొట్టడం, పేరుపెట్టి పోస్టు పెట్టడం, "నీ మంచికే" అంటూ ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయడం, ఇవేవీ వద్దు. పైగా వాణ్ని ముందే కదిలిస్తే వాడు చేసే మొదటి పని తన ఫోన్ ఖాళీ చేసుకోవడం. "కాలేజీ పరువు" అని మొదలుపెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం తనని ఒంటరిగా పంపకండి, పక్కన కూర్చోండి, చెప్పింది కాగితం మీద ఇచ్చి తీసుకున్నట్టు సంతకం అడగండి.

రెండు వారాల తర్వాత అందరూ మర్చిపోతారు. క్యాంటీన్‌లో నవ్వుతూ కనిపిస్తే "బానే ఉందిగా" అంటారు. నిద్ర పట్టకపోవడం, వాడున్న క్లాసు ఎగ్గొట్టడం, పరీక్షలు పోవడం లాంటివి మాత్రం అప్పటికీ ఉండొచ్చు. అటెండెన్స్ మినహాయింపు, పరీక్ష వాయిదా లాంటివి అడగడానికి మీరు వెంట వెళ్లొచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా కౌన్సెలర్ దగ్గరికో ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి.

జరగకుండా ఆపడం గురించి చెప్పమంటే అందరూ అమ్మాయిలకే జాగ్రత్తలు చెప్తారు, నాకది నచ్చదు. చుట్టూ ఉన్నవాళ్లు చేయగలిగేది చాలా ఉంది. పార్టీలో తూలిపోతున్న అమ్మాయిని ఎవరో రూమువైపు నడిపిస్తుంటే గొడవ పెట్టుకోనక్కర్లేదు, మధ్యలో దూరి "నీకోసమే వెతుకుతున్నా, ఇంటికి ఫోన్ చేయాలన్నావుగా" అని తనని పక్కకి తెచ్చేయండి. మీవల్ల కాదనిపిస్తే ఇంకో ఇద్దర్ని పిలవండి. నిలబడలేనంత మత్తులో ఉన్న మనిషి ఏమన్నా అది సమ్మతి కిందికి రాదు, ముందు ఒప్పుకుని మధ్యలో వద్దన్నా అక్కడితో ఆపాల్సిందే.

ఆరోపణ వచ్చింది మీ గ్యాంగ్‌లోవాడి మీదే అయితే ఇదంతా పదింతలు కష్టం. వాడు "ఒక్కసారి మాట్లాడించరా" అని మిమ్మల్ని రాయబారం పంపాలని చూస్తాడు. వెళ్లకండి. ఆ అమ్మాయి నంబర్, తను ఎక్కడుందో వాడికి చెప్పకండి, వాడు పంపిన మెసేజ్ చెరపకుండా ఉంచండి.