హెడ్డు దించకుండా విరిగిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు తీయడం: సమస్య - పరిష్కారం

పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్ మని చప్పుడు. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లేసరికి తగ్గిపోతుంది. మర్నాడు పొద్దున మళ్లీ మొదలు. మా పాత డీజిల్ బండి నెల రోజులు ఇలాగే చేసింది. ట్యాపెట్ చప్పుడన్నారని ట్యాపెట్లు సెట్ చేయించాను. ఫలితం లేదు. చివరికి టార్చిలైటు వేసి చూస్తే నాలుగో సిలిండర్ పక్కన హెడ్డు (ఇంజిన్ పై భాగం) మీద విసనకర్ర ఆకారంలో నల్లటి మసి కనిపించింది. వేలితో రాస్తే పొడిపొడిగా రాలింది. అక్కడ ఉండాల్సిన నట్టు లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను, అంటే సిలిండర్ల పొగను సైలెన్సర్ పైపులోకి చేర్చే గొట్టాన్ని, హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్ (తల లేని బోల్టు) హెడ్డు లోపలికి విరిగిపోయి ఉంది.

ఇదే సమస్య అని ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ అయితే మొదట మానిఫోల్డ్‌నే అనుమానించండి. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి అలా తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడు పెరిగినా లీకే అయ్యే అవకాశం ఎక్కువ. టర్బో బండి అయితే పికప్ మందగిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న పెట్రోలు కారులో ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోయి, సెన్సర్ తప్పు లెక్క చెప్పి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

పొగ వాసన లోపలికి వస్తుంటే మాత్రం ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఏసీ వేసుకుని బండి ఆపి నిద్రపోవడం ఈ లీకు ఉన్నప్పుడు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకు విరుగుతుంది?

హెడ్డును నీళ్లు చల్లబరుస్తుంటాయి. మానిఫోల్డ్‌ను చల్లబరిచే నీళ్లు లేవు. అర మీటరు పొడవున్న పోత ఇనుప మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల పైనే పొడుగవుతుంది. హెడ్డు అంత సాగదు. ఆ లాగుడంతా రెండు చివర్ల బోల్టుల మీద పడుతుంది. ఎప్పుడు చూసినా చివరిదే విరిగి కనిపించడానికి కారణం ఇదే. దీనికి తుప్పు తోడవుతుంది. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు తెగితే పైపు బరువు కూడా ఇక్కడే పడుతుంది. ఆ రబ్బరు మార్చకుండా బోల్టు ఒక్కటే మారిస్తే మళ్లీ విరుగుతుంది.

మిగతావి విరగకుండా విప్పడం

ఒకటి విరిగిందంటే పక్కవి కూడా విరగడానికి సిద్ధంగా ఉన్నాయనుకోండి. రెండు మూడు రోజులు సాయంత్రం పూట, ఇంజిన్ చల్లారాక, ప్రతి నట్టుకూ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. ఈ ఓపిక ఉంటే సగం పని అయిపోయినట్టే.

విప్పే రోజు ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పానాను మొదట కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి. కిర్రుమంటే ఆగి, మళ్లీ ఆయిల్ వేసి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ రండి. పానా తిరుగుతున్నా బోల్టు రబ్బరులా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపేయండి. అది విప్పుకోవడం లేదు, మెలి పడుతోంది. ఇంకో పావు చుట్టు తిప్పితే రెండో బోల్టు కూడా పోతుంది.

విరిగిన ముక్క బయటికి కనిపిస్తుంటే

మానిఫోల్డ్ తీశాక చాలాసార్లు స్టడ్ అర అంగుళం బయటికి ఉంటుంది. ఇది అదృష్టమే. బిగింపు పోయింది కాబట్టి దాన్ని పట్టుకున్నది తుప్పు ఒక్కటే. మర మిగిలి ఉంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పండి. మర లేకపోతే లాకింగ్ ప్లయర్‌తో పట్టండి.

రాకపోతే వేడి చేయండి. మంట స్టడ్ మీద కాదు, దాని చుట్టూ హెడ్డు మీద పెట్టాలి. కన్నం వెడల్పు అవుతుంది, పట్టు వదులుతుంది. వేడిగా ఉండగానే కొవ్వొత్తి ముక్క తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. మంట వెలిగించే ముందు చుట్టూ ఉన్న ఆయిల్ తుడిచి, డీజిల్ పైపుల మీద తడి గుడ్డ కప్పండి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట అసలు పెట్టకండి. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది, వేడి తగిలితే విషవాయువు పుడుతుంది.

హెడ్డుతో సమానంగా విరిగితే

చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్ ఉన్న వెల్డర్‌ను ఇంటికి పిలిపించండి. విరిగిన ముఖం మీద వాషర్ పెట్టి వెల్డ్ చేసి, దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపల నింపించాలి. ఎర్రదనం పోయేదాకా ఆగి, నట్టును ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపండి. వెల్డింగ్ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. మొదటిసారి నట్టు ఊడిపోతే నిరుత్సాహపడకండి, మూడు నాలుగుసార్లు వెల్డ్ చేయాల్సి రావడం మామూలే. ఎర్త్ క్లాంప్ హెడ్డు మీదే, దగ్గరలో పెట్టించండి.

లోపలికి విరిగితే

ఇక డ్రిల్లింగే. కన్నం సరిగ్గా మధ్యలో పడడం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి బిట్టు జారుతుంది. హెడ్డు అల్యూమినియందైతే మెత్తటి వైపుకే పారిపోతుంది.

నేను చేసిన పద్ధతి ఇది. లేత్ దగ్గర చిన్న ఇనుప బుష్ చేయించాను. బయటి కొలత మానిఫోల్డ్ కన్నానికి సరిపోయేలా, మధ్యలో 3 మిల్లీమీటర్ల కన్నం. మానిఫోల్డ్‌ను రెండు బోల్టులతో మళ్లీ హెడ్డుకు పెట్టి, కన్నంలో బుష్ దూర్చి, అందులోంచి డ్రిల్లు చేశాను. చివరి కన్నం సాధారణంగా కాస్త పెద్దగా ఉంటుంది కాబట్టి బోల్టులు బిగించే ముందు మానిఫోల్డ్‌ను సరిగ్గా జరిపి చూసుకోవాలి. వేగం తక్కువ, ఆయిల్ ధారాళం. 3 తర్వాత 5 మిల్లీమీటర్లు. ఎడమ చేతి బిట్టు దొరికితే అదే వాడండి. అది విప్పే వైపు తిరుగుతుంది కాబట్టి డ్రిల్లు చేస్తుండగానే ముక్క బయటికి వచ్చేయొచ్చు.

ఈజీ అవుట్‌తో (విరిగిన ముక్కలో చేసిన కన్నంలోకి దించి, విప్పే వైపు తిప్పే పనిముట్టు) జాగ్రత్త. నేను మొదట చేసిన తప్పు ఇదే. చిన్న కన్నం చేసి, ఈజీ అవుట్ దిగ్గొట్టి, బలమంతా పెట్టి తిప్పాను. అది లోపలే విరిగింది. అది గట్టి ఉక్కు, మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టదు. ఆ ఒక్క కన్నం కోసం హెడ్డు దింపి, స్పార్క్ ఎరోషన్ మిషన్ (గట్టి ఉక్కును కరెంటు నిప్పురవ్వలతో తొలిచేది) ఉన్న చోటికి మోసుకెళ్లాల్సి వచ్చింది. బుష్ పద్ధతి ఆ తర్వాత ఇంకో స్టడ్ విరిగినప్పుడు నేర్చుకున్నది. వేడి చేసి, కదలిక వచ్చిందని తెలిశాకే ఈజీ అవుట్ పట్టండి.

ఏదీ పని చేయకపోతే 8 మిల్లీమీటర్ల, 1.25 పిచ్ (మరల మధ్య దూరం) స్టడ్‌కు 6.8 దాకా కన్నం పెంచి, మిగిలిన చుట్టును సన్న ఉలితో తీసి, ట్యాప్ (మర కోసే పనిముట్టు) దించండి. మర పోతే 8.3కి పెంచి హెలీకాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించవచ్చు. కొన్ని ఇంజిన్లలో స్టడ్ కన్నం నీళ్ల జాకెట్‌లోకి (హెడ్డులో నీళ్లు తిరిగే దారి) తెరుచుకుంటుంది. అలాంటప్పుడు ముందే కూలెంట్ దించాలి, కొత్త స్టడ్‌కు సీలెంట్ పూయాలి.

స్టడ్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు ఉండి డ్రిల్లు నిటారుగా పట్టే చోటు లేకపోతే ప్రయత్నించకండి. అడ్డంగా పడిన కన్నాన్ని సరిచేయడం విరిగిన బోల్టు తీయడం కన్నా కష్టం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రోజూ ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు.

తిరిగి బిగించడం

పాత ప్యాకింగ్ వద్దు. మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. వంగి ఉంటే ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి, లేకపోతే కొత్త బోల్టు కూడా విరుగుతుంది. స్టడ్లన్నీ కొత్తవి వేసి, నికెల్ ఉన్న యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాసి, మధ్య నుంచి చివర్లకు రెండు మూడు విడతల్లో బిగించండి. టార్క్ (బిగించాల్సిన బలం) ఎంతో మీ బండి మాన్యువల్ చూడండి.

స్టార్ట్ చేసే ముందు వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి, మానిఫోల్డ్ చుట్టూ సబ్బు నీళ్లు కొట్టండి. బుడగ వచ్చిన చోట లీకు ఉంది. నాలుగైదుసార్లు బండి బాగా తిరిగి చల్లారాక నట్లు ఇంకోసారి చూసుకోండి.