హైదరాబాద్ నుంచి జర్మనీకి చిన్న కుక్కతో: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

జర్మనీలో చిన్న కుక్కతో రైలెక్కడం పెద్ద పనేమీ కాదు. పిల్లి పరిమాణంలోని కుక్కను మూసిన సంచిలోనో పెట్టెలోనో పెట్టుకుంటే అక్కడి రైల్వే సంస్థ డాయిచ్ బాన్ రైళ్లలో దానికి టికెట్ అక్కర్లేదు. బయట నడిపిస్తూ ఎక్కించాలనుకుంటే మెడకు తాడు, మూతికి చిక్కం, దూరప్రయాణపు రైలుకు సగం ధర టికెట్ కావాలి. కష్టమంతా ఆ ప్లాట్‌ఫారం మీదికి చేరేలోపే ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో కుటుంబం ముందుకు, కుక్క వెనక్కి వెళ్లే సందర్భాలకు కారణం సాధారణంగా ఒక్కటే. కాగితాలన్నీ ఉంటాయి, తేదీల వరుస తప్పుతుంది.

రేబిస్ విషయంలో ఐరోపా సమాఖ్య సడలింపు ఇచ్చిన దేశాల జాబితాలో భారతదేశం లేదు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లే కుక్కకు టీకా వేయించామంటే సరిపోదు, ఆ టీకా పనిచేసిందని రక్తపరీక్షతో చూపించాలి. దీన్నే టైటర్ పరీక్ష అంటున్నారు.

మొదటి పని మైక్రోచిప్, అంటే కుక్క చర్మం కింద వేసే గుర్తింపు చిప్. ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే 15 అంకెల చిప్ వేయమని డాక్టర్‌ను అడగండి. వేశాక స్కానర్‌తో చదివించి, ఆ సంఖ్యను టీకా పుస్తకంలో రాయించుకోండి. ఆ తర్వాతే రేబిస్ టీకా. రెండూ ఒకే రోజున చేయించవచ్చు, కానీ చిప్ ముందు పడాలి. కుక్కకు కనీసం 12 వారాల వయసు ఉండాలి.

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఇంట్లో నాలుగేళ్లుగా పెరుగుతున్న కుక్క, ఏటా క్రమం తప్పకుండా టీకాలు, పుస్తకం నిండా ముద్రలు. చిప్ ఒక్కటే తక్కువ కదా అని ప్రయాణానికి నెల ముందు వేయిస్తారు. చిప్ లేనప్పుడు వేసిన టీకాలు ఏ కుక్కకు వేసినవో రుజువు లేదు కనుక అక్కడి అధికారుల దృష్టిలో అవి లెక్కకు రావు. చిప్ వేశాక మళ్లీ టీకా వేయించి, లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. కోపం రావడం సహజం, వాదన మాత్రం నిలవదు.

టీకా వేసిన 30 రోజులు గడిచాకే పరీక్షకు రక్తం తీయాలి. నమూనా ఐరోపా కమిషన్ గుర్తించిన ప్రయోగశాలకే వెళ్లాలి. ఆ జాబితా కమిషన్ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంది, మీ నమూనా వెళ్లే ప్రయోగశాల పేరు అందులో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఫలితం బాగుంటే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. లెక్క రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. ఉదాహరణకు జనవరి 10న చిప్, టీకా అయితే రక్తం ఫిబ్రవరి 9 లోపు తీయకూడదు. ఫిబ్రవరి 12న తీశారనుకుంటే మే 12 దాకా ఐరోపాలో అడుగుపెట్టే వీలు లేదు. కుక్కపిల్ల విషయంలో ఇదంతా కలిపితే ప్రయాణానికి దానికి దాదాపు ఏడు నెలలు నిండాలి.

ఈ లెక్క తెలిస్తే మోసం చేసే దళారిని గుర్తుపట్టడం తేలిక. కొత్తగా మొదలుపెట్టే కుక్కకు "పక్షం రోజుల్లో అంతా చేయిస్తాం" అన్నవాడు ఏదో ఒక తేదీ వెనక్కి జరిపి రాయిస్తాడు. విమానం ఎక్కాక అతను ఫోను ఎత్తడు. నిబంధనలకు సరిపోని జంతువును అక్కడి అధికారులు వెనక్కి పంపవచ్చు, యజమాని ఖర్చుతో క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఈ రెండూ కుదరకపోతే ప్రాణం తీసే అధికారం కూడా చట్టం ఇచ్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అసలు తేదీలతో, ఓపికతో వెళ్లిన కుక్కకు ఈ బెడద ఉండదు. పైగా టైటర్ పరీక్ష ఒక్కసారి నెగ్గితే చాలు. తర్వాతి టీకాలు గడువు దాటకుండా వేయిస్తున్నంత కాలం మళ్లీ చేయించనక్కర్లేదు. గడువు ఒక్కరోజు దాటినా మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

చివరిది ఆరోగ్య ధ్రువపత్రం. ఇది ఐరోపా సమాఖ్య నమూనాలోనే, ఇంగ్లీషుతో పాటు దిగే దేశపు భాషలో, అంటే ఇక్కడ జర్మన్‌లో ఉండాలి. మీ పెంపుడు జంతువుల డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఎంత చక్కగా రాసిచ్చినా సరిపోదు, ప్రభుత్వ అధికారి ముద్ర కావాలి. మన దేశంలో ఆ బాధ్యత కేంద్ర ప్రభుత్వ యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్‌ది, దాని కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. టీకా పుస్తకం, టైటర్ రిపోర్టు, మీ పాస్‌పోర్టు, టికెట్‌తో ముందే సంప్రదించి తేదీ తీసుకోండి. ధ్రువపత్రం ఇచ్చిన పది రోజుల్లో ఐరోపాలో దిగాలి కాబట్టి మరీ ముందు తీసుకున్నా పనికిరాదు. కుక్క మీతో రాకపోతే, మీ ప్రయాణానికి అటూ ఇటూ ఐదు రోజుల్లో రావాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక జనంతో కలిసి, చూపించాల్సిందేమీ లేనివారి ఆకుపచ్చ దారిలో బయటికి నడవకండి. ఎర్ర దారిలో కస్టమ్స్ వారి దగ్గరికి మీరే వెళ్లి కుక్కను, కాగితాలను చూపించండి. ఆ తనిఖీ నమోదైతేనే, టీకా గడువు ఉన్నంతవరకు, అదే పత్రంతో నాలుగు నెలల పాటు ఐరోపా సమాఖ్య దేశాల మధ్య తిరగవచ్చు. ఈలోగా అక్కడ అనుమతి ఉన్న పశువైద్యుడి దగ్గర పెట్ పాస్‌పోర్టు, అంటే కుక్క చిప్, టీకా వివరాలుండే చిన్న పుస్తకం తీసుకోండి. దీనికి మధ్యవర్తి అవసరం లేదు. చిప్, టీకా, టైటర్ కాగితాలు చూపిస్తే ఆయనే రాసిస్తాడు.

సరిహద్దు దాటేటప్పుడు ఆ పెట్ పాస్‌పోర్టు సంచిలో ఉండాలి. స్విట్జర్లాండ్ రైళ్లలో 30 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న కుక్క సంచిలో ఉంటే టికెట్ అక్కర్లేదు. లండన్ వెళ్లే యూరోస్టార్ రైలు మాత్రం సహాయక కుక్కలను తప్ప ఎక్కించుకోదు. ఫిన్లాండ్, నార్వే, ఐర్లాండ్, బ్రిటన్ వెళ్లాలంటే, అక్కడ అడుగుపెట్టడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల (టేప్‌వార్మ్) మందు వేయించి, సమయంతో సహా పెట్ పాస్‌పోర్టులో రాయించుకోవాలి.